గజేంద్ర మోక్షాన్ని చేర్యాల పటం పద్ధతిలో ఏఐతో వేయించడం గురించి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా ఒకసారి చెబుతాను. అమెరికాలో మీరు నడుపుతున్న వారాంతపు తెలుగు తరగతి పిల్లల కోసం పోతన భాగవతంలోని గజేంద్ర మోక్షాన్ని పది బొమ్మల చిన్న పుస్తకంగా తేవాలనుకుంటున్నారు. బొమ్మలను ఏఐతో, వీలైతే తెలంగాణలోని చేర్యాలలో కథలు చెప్పడానికి గుడ్డ మీద వేసే నకాషీ పటాల శైలిలో, కాకపోతే 2025 మార్చిలో అందరూ తమ ఫొటోలను మార్చుకున్న ఆ జపాన్ జిబ్లీ స్టూడియో యానిమేషన్ శైలిలో చేయించాలని మీ ఆలోచన. ఎన్ని విధాలుగా అడిగినా క్యాలెండరు బొమ్మలాంటిదో సినిమా పోస్టరు లాంటిదో వస్తోందని, విష్ణుమూర్తి చేతులు ఒక్కసారి కూడా సరిగా కుదరలేదని రాశారు. ఏ ప్రాంప్టు (యంత్రానికి రాసి ఇచ్చే ఆదేశం) ఇవ్వాలో, అసలు దేవతల బొమ్మలు ఇలా చేయించడం తగునో చెప్పమన్నారు.

చేయించవచ్చు. చేర్యాల శైలినే తీసుకోండి. అయితే ఈ పని ఒక్క ప్రాంప్టుతో అయ్యేది కాదు. మూలపద్యాలు చదివి, ఏ బొమ్మలో ఎవరు ఎక్కడ ఉండాలో, ఎవరి చేతిలో ఏమి ఉండాలో మీరే నిర్ణయించి, ఎంత వచ్చీరానట్టుగా ఉన్నా సరే పెన్సిలుతో ఒక గీత బొమ్మ వేసి, దాన్ని ఆధారంగా ఇచ్చి రంగులు, అలంకారం, నేపథ్యం మాత్రమే యంత్రంతో చేయించండి. కళ్లు, చేతులు, ఆయుధాలు, నామం చివర్లో చేత్తో దిద్దవలసినవే. నేను చాలా ఏళ్లుగా పిల్లల పత్రికలకు పురాణ కథల బొమ్మలు వేస్తున్నాను, ఈ మధ్య కొన్ని పనుల్లో ఏఐని కూడా వాడుతున్నాను. ఆ అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

మీకు క్యాలెండరు బొమ్మలే ఎందుకు వస్తున్నాయో తెలిస్తే మిగతా విషయాలు సులువుగా అర్థమవుతాయి. ఈ యంత్రాలు ఇంటర్నెట్‌లోని బొమ్మలను, వాటి పక్కనున్న వివరణలను కలిపి చూసి నేర్చుకుంటాయి. 2022లో విడుదలైన లయాన్-5బి అనే సంకలనంలోనే సుమారు 585 కోట్ల బొమ్మలు వివరణలతో సహా ఉన్నాయి, వాటిలో దాదాపు 232 కోట్ల వివరణలు ఇంగ్లీషువి. విష్ణువు అన్న పేరుతో ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మల్లో అధిక భాగం క్యాలెండరు కళే. ఆ క్యాలెండరు కళకు మూలం రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రారంభించి, ఆ తరువాత లోనావాలా సమీపానికి తరలించిన ముద్రణాలయం. ఐరోపా తైలవర్ణ పద్ధతిలో దేవతలకు నిజమైన మనుషుల శరీరాలు, వెలుగునీడలు, పట్టుచీరల మడతలు ఇచ్చి, ఆ బొమ్మలను రంగుల్లో అచ్చువేసి ఇంటింటికీ చేర్చింది ఆ ముద్రణాలయమే. కనుక మీరు చేర్యాల పేరు రాసినా యంత్రం లోపల బలంగా ఉన్నది రవివర్మ వారసత్వమే. దాని మీద ఎర్రని నేపథ్యం, నల్లని గీత పూసి మీకు ఇస్తుంది.

అసలు ఇలా చేయించడం తగునా అన్న సందేహానికి సమాధానం కూడా ఈ చరిత్రలోనే ఉంది. మన దేవతలను ప్రతి తరమూ తన కంటికి అలవాటైన పద్ధతిలో మళ్లీ గీసుకుంటూనే వచ్చింది. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దపు చిత్రకారులు పురాణ స్త్రీ పురుషులకు తమ కాలపు విజయనగర చీరలు, కుళ్లాయిలు తొడిగారు. 1947లో మొదలైన చందమామ తన చిత్రకారుల చేత పురాణాలకు మరొక రూపం ఇప్పించింది, మూడు తరాల పిల్లలు ఆ రూపాలతోనే కథలు గుర్తుపెట్టుకున్నారు. కాబట్టి కొత్త పనిముట్టు వాడడం అపచారం కాదని నా దృఢమైన అభిప్రాయం. ఆ చిత్రకారులందరూ కథ తెలిసి గీశారు, యంత్రానికి కథ తెలియదు. ఆ లోటును పూరించవలసిన బాధ్యత దాన్ని వాడే మనిషిది.

ఇప్పుడు మీ కథకే వస్తాను. గజేంద్ర మోక్షాన్ని ఎంచుకున్నందుకు చాలా సంతోషించాను. యంత్రం ఎక్కడ తప్పుతుందో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. సంస్కృత భాగవతంలో శ్రీహరి చక్రం ధరించి గరుడుని మీద వస్తాడు. శిల్పాల్లో, క్యాలెండర్లలో మనం చూసేది ఎక్కువగా అదే. పోతన ఆ ఘట్టాన్ని పూర్తిగా తనదిగా చేసుకున్నాడు. ఆయన చెప్పిన హరి లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలను చేతుల్లోకి తీసుకోడు, పరివారాన్ని పిలవడు, గరుడుని సిద్ధం చేసుకోడు, చెవుల మీద పడిన జుట్టునైనా సరిచేసుకోడు, ప్రణయ కలహంలో పట్టుకున్న లక్ష్మి పైట కొంగునైనా వదలడు. అలాగే పరుగెత్తుకు వస్తాడు. తెలుగువాళ్లు ఈ పద్యాన్ని తరతరాలుగా కంఠస్థం చేసింది ఆ తొందర కోసమే. మీ పుస్తకంలో ఆ బొమ్మలో శ్రీహరి చేతుల్లో ఆయుధం ఉందంటే అది పోతన కథ కాదు.

విష్ణువుకు ఆయుధాలు లేని నాలుగు చేతులు గీయమని ఏ యంత్రాన్నయినా అడిగి చూడండి. ఒక చేతిలో చక్రం పెడుతుంది, లేదా చేతులను రెండుకు తగ్గిస్తుంది, లేదా అరచేతిలో వెలుగు పుట్టిస్తుంది. లేదు, వద్దు అన్న మాటలను ఈ యంత్రాలు చాలాసార్లు సరిగా పట్టించుకోవు. శంఖం వద్దు అని రాస్తే శంఖం అన్న మాటే దానికి గుర్తుండిపోతుంది. అందుకే ఈ బొమ్మకు పెన్సిలు గీత తప్పనిసరి. కుడివైపు రెండు చేతులు ఊపుగా వెనక్కి, ఎడమవైపు ఒక చేయి ముందుకు, నాలుగో చేతిలో కొంగు అంచు ఉండేలా మీరే గీయండి. ఆ గీతను ఆధారంగా ఇచ్చి, మార్పు మోతాదును (మీ గీతను యంత్రం ఎంతవరకు మార్చవచ్చో చెప్పే అమరికను) మధ్యస్థంగా ఉంచి రంగులు మాత్రమే అడగండి. మోతాదు పెంచితే మీ గీతను పక్కనపెట్టి తనకు తెలిసిన క్యాలెండరు విష్ణువును మళ్లీ తెస్తుంది. మరీ తగ్గిస్తే మీ పెన్సిలు గీతకు రంగు పూసి ఇస్తుంది తప్ప శైలి రాదు. ఒకటి రెండు గంటలు ఓపికగా మార్చి చూస్తే ఆ మధ్య స్థానం దొరుకుతుంది.

ఆ తరువాతి పద్యంలో పోతన ఒక ఊరేగింపునే చూపిస్తాడు. హరి వెనుక లక్ష్మి, ఆమె వెనుక అంతఃపుర స్త్రీలు, వారి వెనుక గరుత్మంతుడు, అతని పక్కన ధనుస్సు, కౌమోదకి అనే గద, శంఖం, చక్రం, ఆ వెనుక నారదుడు, హరి సేనాపతి విష్వక్సేనుడు, చివరికి వైకుంఠంలో ఉన్న ఆబాలగోపాలమూ కదిలి వస్తారు. మీకు చేర్యాల శైలే సరైనదని నేను ముందే చెప్పడానికి కారణం ఈ పద్యం. చేర్యాల నకాషీ పటం అంటే ఎర్రని నేల మీద వేసిన రంగుల బొమ్మ మాత్రమే కాదు, అది కథ చెప్పేవారి చేతిలో విప్పుకుంటూ పోయే పొడవైన గుడ్డ. సుమారు మూడడుగుల వెడల్పు, కొన్ని పటాలైతే నలభై అడుగులకు పైబడిన పొడవు ఉంటాయి. పూల అంచులతో అడ్డపట్టీలుగా విడగొట్టి, ఒక్కొక్క పట్టీలో ఒక్కొక్క ఘట్టం వేస్తారు. కథలు చెప్పే కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు ఆ పట్టీలను ఒకదాని తరువాత ఒకటి చూపిస్తూ పోతారు. బొమ్మల్లో మనుషులు వరుసగా ఒకే నేల మీద నిలబడతారు, వెనుకవారు చిన్నగా, ముందువారు పెద్దగా ఉండరు. పోతన చెప్పిన వరుస ఆ అడ్డపట్టీలో ఎంత చక్కగా ఇముడుతుందో ఊహించండి. యంత్రానికి వదిలేస్తే అదే ఘట్టాన్ని కింద నుంచి పైకి చూస్తున్న కెమెరా కోణంలో, మేఘాల మధ్య వెలుగు కిరణాలతో తెస్తుంది. అప్పుడు లక్ష్మి, నారదుడు, విష్వక్సేనుడు దూరాన చుక్కలైపోతారు.

కనుక శైలి పేరు రాయడం కన్నా ఆ శైలి నియమాలను విడివిడిగా రాయడం మేలు. లోతు లేని చదునైన ఎర్రని నేపథ్యం, అందరి పాదాలూ ఒకే గీత మీద ఉండడం, ముఖంలో నీడలు లేకపోవడం, పెద్ద కళ్లు, స్పష్టమైన నల్లని గీత, పైనా కిందా పూల అంచు అని రాయండి. రంగులు కూడా చెప్పాలి, ఎందుకంటే చేర్యాల పద్ధతిలో రంగే మనిషి ఎవరో చెబుతుంది. దేవుళ్లకు నీలం, దేవేరులకు పసుపు, రాక్షసులకు గోధుమ రంగు లేదా ముదురు ఛాయలు, మనుషులకు గులాబీ కలిసిన మేని ఛాయ వాడతారు. శ్రీకాళహస్తి కలంకారీలోనూ ఇలాంటి ఒప్పందమే ఉంది, నీలి దేవుళ్లు, పసుపు స్త్రీలు, ఎరుపు లేదా ఆకుపచ్చ రాక్షసులు. ఒకే బొమ్మలో నలుగురికి నాలుగు రంగులు అడిగినప్పుడు యంత్రం ఒకరి రంగును మరొకరికి అంటిస్తుంది. నేను ఈ మధ్య ఒక రామాయణ ఘట్టానికి ప్రయత్నించినప్పుడు రాముడి నీలం సీత చీరలోకి, లక్ష్మణుడి చేతుల్లోకి పదేపదే పాకింది. చివరికి ఒక్కొక్కరిని విడిగా, తెల్లని నేల మీద చేయించి, తరువాత ఒక చోట అతికించాను. ఊరేగింపు బొమ్మకు మీరు కూడా అలాగే చేయండి. పని పెరుగుతుంది కాని, మరో దారి నాకు కనబడలేదు.

చేతుల గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే వచ్చిన చేతులు అందంగా ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. ఆచమనంలో చదివే కేశవ నామాలు ఇరవై నాలుగు. ఆగమ, పురాణ గ్రంథాల ప్రకారం ఆ ఇరవై నాలుగు మూర్తులకూ ఉన్న ఆయుధాలు అవే నాలుగు, శంఖం, చక్రం, గద, పద్మం. ఏ చేతిలో ఏది ఉందన్న దాన్ని బట్టి మూర్తి మారుతుంది. నాలుగు వస్తువులను నాలుగు చేతుల్లో ఇరవై నాలుగు విధాలుగానే అమర్చగలం, కాబట్టి ఒక్క అమరిక కూడా వృథా కాలేదు. కింది కుడిచేయి నుంచి మొదలుపెట్టి ప్రదక్షిణంగా చూస్తే పద్మం, శంఖం, చక్రం, గద ఉన్న మూర్తి కేశవుడు, శంఖం, పద్మం, గద, చక్రం ఉంటే నారాయణుడు. ఇంత సూక్ష్మమైన భాష ఉన్న చోట యంత్రం చేతికి వచ్చిన వస్తువును తోచిన చోట పెడుతుంది. పిల్లల పుస్తకానికి ఈ ఇరవై నాలుగు తేడాలూ అవసరం లేదు. పై కుడిచేతిలో చక్రం, పై ఎడమచేతిలో శంఖం అన్న సామాన్యమైన అమరికను పట్టుకుని, ఆయుధాలు కనిపించే బొమ్మలన్నింటిలోనూ అదే పాటిస్తే చాలు.

దీనితో ముడిపడిన ఒక జాగ్రత్త ఉంది. పేజీలో బాగా కుదురుతుందని బొమ్మను ఎప్పుడూ అద్దంలోలాగా తిప్పకండి. తిప్పితే చక్రం ఎడమచేతికి పోతుంది, యజ్ఞోపవీతం ఎడమ భుజం మీద నుంచి కుడి భుజం మీదికి మారుతుంది. కుడి భుజం మీద జంధ్యం పితృకార్యాల్లో వేసుకునే తీరు. మీ విద్యార్థుల తాతయ్యలు, అమ్మమ్మలు ఆ పుస్తకం తెరవగానే ముందు దాన్నే చూస్తారు. అలాగే నుదుటి మీద నామమూ విభూతి రేఖలూ కలిపేయడం, నారదుడి చేతిలో వీణకు బదులు సితారు లాంటిది పెట్టడం, లక్ష్మికి చీరకు బదులు లెహంగా తొడగడం యంత్రానికి మామూలే. ఇవన్నీ చివర్లో చేత్తో దిద్దండి, లేదా ఆ భాగాన్ని మాత్రమే చెరిపి మళ్లీ చేయించండి.

పది బొమ్మలు ఏవి అన్నది మీ ఇష్టం. నాకు ముఖ్యమనిపించిన కొన్నింటి గురించి మాత్రం చెబుతాను. త్రికూట పర్వతం, అడవి, ఏనుగుల మంద, మడుగులో క్రీడ, వీటికి యంత్రాన్ని ధారాళంగా వాడుకోండి. చెట్లు, నీళ్లు, తామరలు అది బాగా చేస్తుంది. మొసలి పట్టుకున్న బొమ్మలో తొండాన్ని పట్టినట్టు వస్తుంది, చూసుకోండి, కథలో పట్టింది కాలిని. ఈ పాత్రను పూర్వ శిల్పులు కూడా తమకు తోచినట్టు మార్చుకున్నారు. దేవగఢ్ దశావతార దేవాలయంలోని గుప్తుల కాలపు ఫలకంలో మొసలి లేదు, ఏనుగు కాళ్లను నాగుడు చుట్టేసి ఉంటాడు. అది తెలిసి చేసిన మార్పు. మీరు మాత్రం మొసలినే ఉంచండి, తరువాత అది హూహూ అనే గంధర్వుడిగా మారాలి కదా.

గజేంద్రుడు ప్రార్థించే బొమ్మ అన్నింటికన్నా కష్టమైనది. అతను ఏ దేవుడి పేరూ పిలవడు, ఎవడి వల్ల ఈ జగత్తు పుట్టి ఎవడిలో లయమవుతుందో వాడినే పిలుస్తాడు. ఆ ఘట్టంలో ఆకాశం ఖాళీగా ఉండాలి. యంత్రం అక్కడ తప్పకుండా మేఘాల్లో నవ్వుతున్న విష్ణువును పెడుతుంది, నిర్మొహమాటంగా తీసేయండి. శ్రీహరిని మొదటిసారి చూపించవలసింది తరువాతి బొమ్మలో, వైకుంఠపు సౌధంలో, మందార వనంలో, అమృత సరస్సు ఒడ్డున చంద్రకాంత శిల మీద పరచిన కలువల పాన్పు దగ్గర. ఆ వైభవం పిల్లలు చూస్తేనే తరువాతి పుటలో ఆయన దాన్నంతా వదిలి పరుగెత్తడంలోని విలువ వాళ్లకు తెలుస్తుంది. ఆయుధాలు కూడా కథ ప్రకారమే రావాలి. పరుగులో ఏమీ లేదు, మొసలిని ఖండించడానికి చక్రాన్ని పంపుతాడు, ఏనుగు విడుదలయ్యాక పాంచజన్యాన్ని పూరిస్తాడు. ఈ క్రమాన్ని ఒక కాగితం మీద రాసుకుని ప్రతి బొమ్మకూ సరిచూసుకోండి.

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రంలో, నృత్యం తెలియనిదే చిత్రం తెలియదని మార్కండేయ మహర్షి వజ్రుడికి చెబుతాడు. మంచి బొమ్మకు శరీరపు కదలిక ప్రాణమని దాని భావం. యంత్రం చేసే బొమ్మల్లో నన్ను ఎక్కువగా బాధించేది ఈ లోపమే. విల్లు పట్టిన చేయి ఒకటి, నారి లాగిన చేయి ఒకటి అన్న సంబంధం దానికి తెలియదు. లేపాక్షి పద్ధతిలో కిరాతార్జునీయాన్ని చేయించి చూసినప్పుడు బాణం వింటి బయటి నుంచి పోయింది, లేపాక్షి కుడ్యచిత్రాల్లో ఎక్కువగా పక్క నుంచి కనబడే ముఖాలన్నీ ఎదురుగా తిరిగి కండలు తిరిగిన సినిమా నాయకుల్లా నిలబడ్డాయి. ఆ బొమ్మకు భంగిమలన్నీ నేనే గీసి ఇచ్చాక గాని పని ముందుకు సాగలేదు.

జపాన్ యానిమేషన్ శైలి గురించి కూడా అడిగారు. అడవి, వాన, నీటి అలలు చూపడంలో ఆ శైలి చాలా గొప్పది, నాకు ఎంతో ఇష్టం. కాని అది ఇప్పటికీ పనిచేస్తున్న ఒక స్టూడియో చిత్రకారులు దశాబ్దాల పాటు చేత్తో గీసి సాధించుకున్నది. వారి అనుమతి లేకుండా పుస్తకానికి వాడుకోవడం నాకు సమ్మతం కాదు. పైగా అందులో శ్రీహరి ఒక ముద్దులొలికే కుర్రవాడిగా మారిపోతాడు, ఆ ఘట్టపు గాంభీర్యం పోతుంది. మన బాపు పేరో వడ్డాది పాపయ్య పేరో ప్రాంప్టులో రాయడం కూడా మానండి. భారత చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన మరుసటి సంవత్సరం నుంచి అరవై ఏళ్లు హక్కులుంటాయి. పాపయ్యగారు 1992లో, బాపుగారు 2014లో కన్నుమూశారు, కాబట్టి వారి బొమ్మల మీద హక్కులు 2052 దాకా, 2074 దాకా ఉన్నాయి. ఒక శైలి మీద హక్కు లేకపోయినా, యంత్రం ఇచ్చిన బొమ్మ వారి ఏదో ఒక బొమ్మకు నకలుగా వస్తే మీరు గుర్తుపట్టలేకపోవచ్చు. రవివర్మ 1906లోనే మరణించారు కాబట్టి ఆయన చిత్రాల విషయంలో ఆ ఇబ్బంది లేదు.

చేర్యాల విషయంలో కూడా ఒక మాట ఉంది. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 1999 నాటి చట్టం ప్రకారం అక్కడి చిత్రకారులు చేయని వస్తువును భారతదేశంలో ఆ పేరుతో అమ్మకూడదు. అందుకని పుస్తకం మీద చేర్యాల చిత్రాలు అని వేయకండి. చేర్యాల నకాషీ పటాల ప్రేరణతో, ఏఐ సహాయంతో చేసిన బొమ్మలు అని లోపలి పుటలో స్పష్టంగా రాయండి. నా సలహా ఇంకొంచెం ముందుకు వెళ్తుంది. ముఖచిత్రాన్ని చేర్యాలలో ఈ పని చేస్తున్న నకాషీ కుటుంబాలలో ఒకరికి డబ్బిచ్చి వేయించండి. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, దాని మీద ఉడుత వెంట్రుకల కుంచెతో వారు వేసిన ఒక్క బొమ్మను పిల్లలు లోపలి పది బొమ్మల పక్కన పెట్టి చూస్తే తేడా వాళ్లకే తెలుస్తుంది. ఆ చిత్రాన్ని ఫొటో తీసి యంత్రానికి నేర్పడానికి వాడాలంటే మాత్రం వేరుగా అడిగి, వేరుగా అనుమతి తీసుకోండి.

బొమ్మల మీద తెలుగు అక్షరాలను యంత్రం చేత రాయించకండి, గుణింతాలు, ఒత్తులు తరచూ చెదిరిపోతాయి. పద్యాలను మామూలు తెలుగు ఫాంటుతో పుస్తకం కూర్చేటప్పుడు చేర్చండి. ముందుగా పరుగు బొమ్మ, ఊరేగింపు బొమ్మ రెండూ చేసి ఇక్కడ పెట్టండి. వాటి పెన్సిలు గీతలు కూడా జతచేస్తే, రంగులు ఎక్కడ దారి తప్పాయో చూసి చెబుతాను.